ఉప్పు లేని కూరకి నేను రాసిన చీటీలు

కలం పట్టి కొంపలు కూల్చినవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. వాళ్ళు దొంగ దస్తావేజులు రాసుంటారు, లేదా ప్రేమలేఖలు రాసుంటారు. నేను నాలుగో తరగతి చదివే మా అమ్మాయి అన్నం బాక్సులో పెట్టే చీటీలు రాసి ఆ ఘనత సాధించాను. నాకు తెలిసినంతలో ఈ పద్ధతిలో ఇల్లు కూల్చుకున్నవాడిని నేనొక్కడినే. ఎలాగో చెబుతాను. మీ ఇంట్లో బడికెళ్ళే పిల్లలుండి, మీకు కాస్త బాగా రాయగలనన్న అనుమానం కూడా ఉంటే, దయచేసి చివరిదాకా చదవండి.

ఆరేళ్ళ కిందటి మాట ఇది. మేము తెనాలిలో ఉండేవాళ్ళం. నాకు రేపల్లెలో గుమాస్తా ఉద్యోగం, నా భార్య విమల బాపట్లలో నర్సు. పొద్దున్నే ఇద్దరం కలిసి స్టేషనుకి వెళ్ళి, అక్కడ చెరో బండీ ఎక్కేవాళ్ళం. సంసారం మొత్తం ఆ స్టేషనుకి నడిచే పది నిమిషాల్లోనే జరిగేది. మేము అలా తిరుగుతున్నా మా అమ్మాయి జెస్సీ వేళకి స్నానం చేసి, జడలు వేయించుకుని, బాక్సు పట్టుకుని ఆటో ఎక్కుతోందంటే అది మా అత్తగారు మార్తమ్మ గారి చలవ.

ఆవిడ కాకుమాను దగ్గర ఒక బడిలో ముప్పై ఏళ్ళు రెండో తరగతికి పాఠాలు చెప్పి, రిటైరై, మనవరాలి కోసం మా ఇంటికి వచ్చారు. నిజానికి ఆవిడ రిటైరవ్వలేదు, బడి మార్చుకున్నారంతే. నేను గుమ్మం ముందు చెప్పులు వంకరగా విడిస్తే ఆవిడ ఒక్క మాట అనేవారు కాదు. నేను వెనక్కి వచ్చి సరిచేసేదాకా ఆ చెప్పుల వైపే చూస్తూ కూర్చునేవారు.

వంట కూడా ఆవిడదే. వంట బాగానే చేసేవారు. అయితే ఆ ఏడాది ఆవిడకి బీపీ వచ్చింది. డాక్టరు ఉప్పు బాగా తగ్గించమన్నాడు. ఆవిడ న్యాయం తెలిసిన మనిషి కనుక ఇంటిల్లిపాదికీ తగ్గించేశారు.

ఉప్పు లేని బీరకాయ కూర మీరెప్పుడైనా తిన్నారా? వానలో తడిసిన నోటుపుస్తకం నమిలినట్టుంటుంది. విమల నోరెత్తదు, తల్లి కదా. నేను ఒకసారి ధైర్యం చేశాను.

"అత్తయ్య గారూ, కూర..." అన్నాను.

"ఆఁ బాబూ, కూర?" అన్నారావిడ కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

"ఇంకొంచెం వేయండి," అన్నాను.

వేశారు. ఇంకొంచెం కాదు, చాలా వేశారు.

మాకంటే జెస్సీ నిజాయితీపరురాలు. బాక్సు ఎలా తీసుకెళ్ళిందో అలాగే తిరిగి తెచ్చేది. మార్తమ్మ గారు ఆ బాక్సు మూత తీసి చూసి, మళ్ళీ మూత పెట్టేసేవారు. ఒక సాయంత్రం మాత్రం విమలతో, "నా చేతి వంట పిల్లకి పడట్లేదేమో అమ్మా," అన్నారు. ఆ గొంతులో ఉన్న దిగులు చూసి నా మనసు కరిగింది. కరగకుండా ఉండి ఉంటే బాగుండేది.

అప్పుడే ఫోనులో ఎక్కడో చదివాను. పిల్లల లంచ్ బాక్సులో ప్రేమగా నాలుగు ముక్కలు రాసి పెడితే వాళ్ళు ఇష్టంగా తింటారట. మర్నాడు స్టేషనుకి నడుస్తూ విమలకి చెప్పాను.

"రాయడమెందుకండీ? ఒక పువ్వు బొమ్మ గీసి పెట్టండి, చాలు," అంది.

"బొమ్మలు ఎవరైనా గీస్తారు. నేను కాలేజీలో వ్యాసరచన పోటీలో కన్సొలేషన్ బహుమతి తెచ్చుకున్నవాడిని."

"ఆ పోటీకి ఎంతమంది వచ్చారు?"

నలుగురం వెళ్ళాం. ఆ వివరం ఇక్కడ అప్రస్తుతం.

మొదటి చీటీ చాలా మర్యాదగానే రాశాను. 'చిట్టితల్లీ, దొండకాయ తింటే తెలివి పెరుగుతుంది. నీ తెలివి ఇప్పటికే ఎక్కువ కనుక సగం తిన్నా చాలు. ఇట్లు, నాన్న.' మడిచి, ఎవరూ చూడకుండా బాక్సు సంచీలో పెట్టాను.

ఆ సాయంత్రం రేపల్లె నుంచి వచ్చేసరికి మార్తమ్మ గారు గుమ్మంలోనే ఎదురయ్యారు. చేతిలో ఖాళీ బాక్సు. మొహం వెలిగిపోతోంది.

"చూశారా బాబూ! పిల్ల మెతుకు మిగల్చలేదు. దొండకాయ నేను చేసినట్టు చేస్తే ఎవరైనా తినాల్సిందే."

నేను లోపల నవ్వుకున్నాను. దొండకాయ ఎవరి వల్ల లోపలికి పోయిందో నాకు తెలుసు కదా. జెస్సీని పక్కకి పిలిచి అడిగాను.

"చీటీ చూశావా?"

"ఆఁ నాన్నా."

"బాగుందా?"

"అందరూ నవ్వారు."

అక్కడ ఆగి, 'అందరూ అంటే ఎవరమ్మా?' అని అడగాల్సింది. తెలివున్న ఏ తండ్రైనా అడుగుతాడు. కానీ నేను ఆ క్షణంలో తండ్రిని కాను, రచయితని. పాఠకులు నవ్వారని తెలిశాక రచయిత ఇంకేమీ అడగడు. ఇంకో కాగితం తీసుకుంటాడు.

రెండో చీటీ నుంచి మర్యాద తగ్గింది. మూడో చీటీ నుంచి మిగల్లేదు. ఏం చేయను? ఇంట్లో అనలేని మాటలన్నీ కాగితం మీదికి దూకేవి.

'చిట్టీ, ఈరోజు బీరకాయ. ఇందులో ఉప్పు కోసం వెతక్కు. అది అమ్మతో పాటు బాపట్ల బండెక్కి సముద్రానికి వెళ్ళిపోయింది. తిరిగి రావడం ఇష్టం లేదని కబురు పంపింది.'

'చిట్టీ, ఈరోజు సొరకాయ. అమ్మమ్మ దాన్ని గంటన్నర ఉడికించింది. సొరకాయ అరగంటకే నేరం ఒప్పుకుంది. అయినా వదల్లేదు.'

'చిట్టీ, ఇది పప్పు అని నాకు అమ్మమ్మ చెప్పింది. ఆవిడ అబద్ధం ఆడదు కనుక నమ్మి తిను.'

ప్రతిరోజూ బాక్సు ఖాళీగా వచ్చేది. మార్తమ్మ గారి నడకే మారిపోయింది. "పిల్లకి కూర చాలట్లేదేమో," అని పెద్ద బాక్సు తీశారు. అది కూడా ఖాళీగా వచ్చేది. ఆవిడ తన వంట గొప్పదనుకున్నారు, నేను నా రాత గొప్పదనుకున్నాను. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకరిని చూసి ఒకరం జాలిపడుతూ, మహా సంతోషంగా బతికాం. రేపల్లె ఆఫీసులో పక్క సీటాయన, "ఏంటండీ, ఈ మధ్య ఫైలు మీద కూడా నవ్వుకుంటూ రాస్తున్నారు?" అని అడిగాడు. మూడు వారాలు అలా గడిచాయి.

నాలుగో ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక బయట చెట్టు కింద నిలబడ్డాం. విమలకి ఆరోజు డ్యూటీ, రాలేదు. పాతికేళ్ళు దాటిన ఒకావిడ, నిండు చీరలో, నెమ్మదిగా నడుచుకుంటూ మా వైపు వచ్చింది. జెస్సీ "ప్రసన్న మేడమ్!" అని అరిచి పరుగెత్తింది. వాళ్ళ తెలుగు టీచరట. ఆవిడ జెస్సీని పలకరించి, తలెత్తి మా అత్తగారిని చూసి అలాగే నిలబడిపోయింది.

"మార్తమ్మ టీచర్ గారూ! మీరేనా అండీ? నేను ప్రసన్నని. రెండో తరగతి. మొదటి బెంచీలో కూర్చునేదాన్ని."

మార్తమ్మ గారు ఒక్క క్షణం చూశారు. "పలక పగలగొట్టి ఏడ్చిన ప్రసన్నవా?"

"నేనేనండీ!"

ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. చూడముచ్చటగా ఉంది. నేను కూడా నవ్వుతూ నిలబడ్డాను. నా జీవితంలో నిశ్చింతగా నవ్విన చివరి నవ్వు అదే.

"జెస్సీ మీ మనవరాలా టీచర్ గారూ? అయితే ఆ చీటీలు మీ ఇంటి నుంచే వస్తున్నాయన్నమాట! మా క్లాసంతా రోజూ వాటి కోసమే ఎదురుచూస్తుందండీ."

"ఏం చీటీలమ్మా?" అన్నారు మార్తమ్మ గారు.

"అత్తయ్య గారూ, ఎండెక్కుతోంది, వెళ్దామా?" అన్నాను. మేమున్నది నీడలో.

"జెస్సీ నాన్నగారు బాక్సులో పెడతారు కదండీ. జెస్సీకి ఆయన దస్తూరి చదవడం రాదు. అందుకని భోజనాల దగ్గర నాకు తెచ్చిస్తుంది. నేను గట్టిగా చదువుతాను. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నిన్నటిది నా బ్యాగులోనే ఉందండీ. అన్నీ దాచాను!"

నేను గట్టిగా దగ్గాను. ఎవరూ పట్టించుకోలేదు. "మేడమ్, మంచినీళ్ళు తెమ్మంటారా?" అన్నాను. అక్కర్లేదంది. "కుర్చీ?" అన్నాను. అక్కర్లేదంది. ఈలోగా బ్యాగులోంచి ఒక కవరు, అందులోంచి నా సమస్త రచనలూ బయటికొచ్చాయి.

"చదువమ్మా," అన్నారు మార్తమ్మ గారు.

ప్రసన్న మేడమ్‌కి అప్పుడు కొంచెం అనుమానం వచ్చినట్టుంది. నా మొహం చూసింది, ఆవిడ మొహం చూసింది. "మీకు తెలియదాండీ? మీ ఇంట్లో అందరూ కలిసి సరదాగా రాస్తున్నారనుకున్నాను. ఇప్పుడు వద్దులెండి టీచర్ గారూ..."

"చదువు. నిటారుగా నిలబడి చదువు. వెనక బెంచీకి వినబడాలి."

ఇన్నేళ్ళు గడిచినా ఆ గొంతుకి ఆ పిల్ల లొంగిపోయింది. నిటారుగా నిలబడి, కాగితం రెండు చేతులతో పట్టుకుని, మొదటి చీటీ నుంచి మొదలుపెట్టింది. వెనక బెంచీ అంటే చర్చి మెట్ల మీదున్న స్త్రీల సమాజం వాళ్ళు. వాళ్ళకి స్పష్టంగా వినబడింది. బీరకాయ దగ్గర ఇద్దరు నవ్వారు. సొరకాయ నేరం ఒప్పుకునేసరికి పాస్టరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పప్పు దగ్గర జెస్సీ, "ఇది నాకు బాగా ఇష్టం అమ్మమ్మా!" అంది.

మార్తమ్మ గారు మాత్రం మొత్తం కదలకుండా విన్నారు. చివర్లో చెయ్యి చాపి ఆ కాగితాలన్నీ తీసుకున్నారు.

"టీచర్ గారూ," అంది ప్రసన్న మేడమ్ కంగారుగా, "మీకొక మాట చెప్పాలండీ. అసలు ఆ కూరలు నేను..."

ఇంకేం చెబుతుందోనని నాకు ప్రాణం పోయింది. "మేడమ్, మీరిక వెళ్ళి రండి! చాలా ఆలస్యమైంది!" అని గబగబా జెస్సీ చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచాను. నన్ను కాపాడగలిగిన ఒకే ఒక్క వాక్యాన్ని నేనే సగంలో నరికేశానని అప్పుడు నాకు తెలియదు.

మర్నాడు పొద్దున మార్తమ్మ గారు సంచీ సర్దుకున్నారు. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. అవి ఉంటే నాకు ఏదో ఒక దారి ఉండేది.

"బాపట్లలో చెల్లి దగ్గర నాలుగు రోజులుండి వస్తాను బాబూ. మీరు కూడా కాస్త నోటికి రుచిగా తినండి," అని విమలతో పాటే బండెక్కారు. ప్లాట్‌ఫారం మీద విమల నా వైపు చూసిన చూపుకి ఇంజిను కూడా వెనక్కి తగ్గి ఉండేది.

ఆ సాయంత్రం తిరిగొచ్చాక అంది. "మీరు రాసినవి అమ్మ బండిలో నాకు చూపించింది. చదివితే నాకూ నవ్వొచ్చిందండీ. అమ్మ పక్కన కూర్చుని నవ్వాను. అందుకే మీ మీద ఇంత కోపంగా ఉంది."

ఆ వారం వంట నేను చేశాను. ఉప్పు వేశాను. ఎన్నాళ్ళ నుంచో పేరుకున్న కోరిక కదా, మొదటిరోజే మొత్తం తీర్చుకున్నాను. ఆ కూర తిని జెస్సీ మూడు గ్లాసుల నీళ్ళు తాగింది. బంగాళాదుంప వేపుడు పైన బొగ్గు, లోపల పచ్చి. విమల మూడు రోజులు ఆసుపత్రి క్యాంటీనులోనే తిని వచ్చింది. ఇల్లంతా పరాయి ఇల్లులా ఉండేది. సాయంత్రం జెస్సీ ఆటో దిగితే ఎదురెళ్ళేవాళ్ళు లేరు. పక్కింటివాళ్ళ గుమ్మంలో కూర్చుని మా కోసం చూసేది.

గురువారం కూడా, వరసగా నాలుగోరోజు, బాక్సు నిండుగా తిరిగొచ్చింది.

"ఏంటమ్మా, చీటీ పెట్టలేదని తినలేదా?" అన్నాను.

"బడిలో నేను ఇంటి కూర ఎప్పుడు తిన్నాను నాన్నా?"

"మరి బాక్సు రోజూ ఖాళీగా వచ్చేది కదా?"

జెస్సీ నాలుక కరుచుకుంది. కాసేపు బతిమాలితే చెప్పింది. "ప్రసన్న మేడమ్ తినేవారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. టీచరు పిల్లల బాక్సు తింటోందంటే ప్రిన్సిపాల్ సార్ తిడతారంట. మొదటిరోజు చీటీ చదివాక కొంచెం రుచి చూశారు. 'అమ్మో, ఇందులో ఉప్పే లేదు!' అని ఎంత సంతోషపడ్డారో. మేడమ్‌కి కడుపులో బేబీ ఉంది కదా. బీపీ ఉందని డాక్టర్ గారు ఉప్పు తినొద్దన్నారంట. అంకుల్‌కి వేరే ఊళ్ళో ఉద్యోగమంట, ఆవిడ ఒక్కరే రూములో ఉంటారు. మెస్‌లో అన్నీ ఉప్పుగా ఉంటాయి. అందుకని మెస్ కూర నాకిచ్చి, అమ్మమ్మ కూర ఆవిడ తినేవారు."

"మెస్ కూర బాగుండేదా?"

"సూపర్ నాన్నా."

అంటే బాక్సు ఖాళీ అయింది నా రాతకి కాదు. నా సాహిత్యసేవ మొత్తం కలిపి ఒక్క దొండకాయ ముక్కని కూడా కదిలించలేదు. మా అత్తగారి కూరకే, అదీ ఉప్పు లేకపోవడం వల్లే, ఒక మనిషి రోజూ ఎదురుచూసింది.

శనివారం జెస్సీని తీసుకుని బాపట్ల వెళ్ళాను. మార్తమ్మ గారు చెల్లెలి ఇంటి వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. నన్ను చూసి కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు. చెప్పులు తిన్నగా విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అత్తయ్య గారూ, తప్పైపోయింది. క్షమించండి."

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టారు. నా చీటీలే. ప్రతి చీటీ మీదా ఎర్ర సిరా. ఒత్తులు దిద్దారు, దీర్ఘాలు పెట్టారు. 'గంటన్నర' కింద గీత గీసి 'అబద్ధం, ముప్పావుగంట' అని రాశారు. చివరి కాగితం అడుగున మార్కులు వేశారు. నూటికి ముప్పై నాలుగు. పక్కన, 'భావం బాగుంది. దస్తూరి దారుణం. నడవడిక మెరుగుపడాలి. ఇంట్లోవాళ్ళ సంతకం తేవాలి.'

"ఇంటికి రండి అత్తయ్య గారూ," అన్నాను.

"చూద్దాం లెండి బాబూ. ఇక్కడ బాగానే ఉంది."

ఆవిడ చూద్దామన్నారంటే ఇక రారనే అర్థం. అప్పుడు జెస్సీ ఆవిడ ఒళ్ళోకి ఎక్కి మొత్తం చెప్పేసింది. మెస్ కూర, మేడమ్, బీపీ, ఎవరికీ చెప్పొద్దన్న మాటతో సహా.

మార్తమ్మ గారి చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"ఎన్నో నెలంట?"

"ఆరో నెలంట అమ్మమ్మా," అంది జెస్సీ.

"అయితే సోమవారం నుంచీ ఆ పిల్ల ఏం తింటోంది?"

ఆవిడ అప్పటికే లేచారు. "చెల్లీ, నా సంచీ ఇలా తే. ఈ చిక్కుడుకాయలు కూడా పట్టుకెళ్తున్నా." నా వైపు తిరిగి, "నేను వచ్చేది మీ కోసం కాదు బాబూ," అన్నారు.

"అర్థమైందండి."

బండిలో కిటికీ పక్కన కూర్చుని, పొన్నూరు దాటేదాకా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉన్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "కూరలో ఉప్పు చాల్లేదని నోటితో ఒక్క మాట అంటే మీకు వేరేగా తీసి ఉప్పు కలిపేదాన్ని కదా. అంత కష్టపడి అన్ని కాగితాలు రాసేబదులు."

నేను జీవితంలో చాలా తిట్లు తిన్నాను. ఏ ఒక్కటీ ఆ మాటంత లోతుకి దిగలేదు.

సోమవారం నుంచి మా వంటింట్లో రెండు గిన్నెలు. ఒకటి ఉప్పు వేసింది, ఇంకొకటి వేయనిది. ఉప్పు లేనిది ఒక చిన్న క్యారేజీలో జెస్సీ చేత మేడమ్‌కి వెళ్ళేది, దొంగతనంగా కాదు, ప్రిన్సిపాల్‌కి చెప్పే. ప్రసవం దాకా వెళ్ళింది. తల్లీబిడ్డా క్షేమం.

ఇక నా సంతకం విషయం. కాగితాలు విమల ముందు పెట్టాను. మార్కులు చూసింది, ఎర్ర సిరా మొత్తం ఓపిగ్గా చదివింది. కలం తీసుకుని చక్కగా సంతకం చేసి, కింద ఒక వాక్యం రాసి ఇచ్చింది.

'టీచర్ గారికి, ఈయన్ని పై తరగతికి పంపవద్దు. ఇంకో ఏడాది ఇక్కడే ఉంచగలరు.'

అందుచేత, మా పాస్టరు గారి సాక్షిగా, స్త్రీల సమాజం సాక్షిగా, చిక్కుడుకాయ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. కూర బాగోకపోతే నోరు తెరిచి చెబుతాను. చెప్పే ధైర్యం లేకపోతే నోరు మూసుకుని తింటాను. ఈ రెండింటికీ మధ్య మూడో మార్గంగా కలం పట్టను గాక పట్టను. ఈ నాలుగు పేజీలు కూడా మా అత్తగారికి చూపించి, దిద్దించాకే బయటికి పంపిస్తున్నాను. ఈసారి ముప్పై ఆరు వచ్చాయి.